సున్నా వేసిన పుస్తకం

జూన్ 3

పిన్నీ,

"ఎలా ఉన్నావు" అని మొదలుపెడితే "ఉన్నాను కాబట్టే నీ ఉత్తరం విప్పాను" అంటావు. అందుకే కుశల ప్రశ్నలు దాటేసి నేరుగా సంగతిలోకి వస్తున్నాను. ఫోన్ ఎందుకు చేయలేదంటే మొన్న నువ్వే కసిరావు: "ఫోన్‌లో అన్నది గాలికి పోతుంది. ఎక్కడ తప్పు జరిగిందో వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఏమీ మిగలదు. అసలు విషయం ఏదైనా ఉంటే కాగితం మీద పెట్టు" అని. ఇదిగో, పెడుతున్నాను.

మా లైబ్రరీ పై అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమ చేతి వైపు, కిటికీ పక్కన ఒక మూల ఉంది. ఒక అలమర, ఒక పొడుగాటి బల్ల, ఎవరూ వాడని పాత కార్డుల సొరుగుల బీరువా. రెండేళ్ల క్రితం నేను పట్టుబట్టి ఆ మూలని కంప్యూటర్లకి అడిగాను. వాటిని వాడడం నేర్పే పుస్తకాలకి కాదు. అవి ఎక్కడి నుంచి వచ్చాయి, లోపల ఏం జరుగుతుంది, ఏం చేయగలవు, ఏం చేయలేవు అని చెప్పే పుస్తకాలకి. ప్రతివాడి జేబులోనూ ఉన్న వస్తువు గురించి ఎవడికీ ఏమీ తెలియకపోవడం నాకెందుకో సిగ్గుగా తోచింది.

రెండేళ్లలో అక్కడికి వచ్చినవాళ్లు ఎక్కువగా కిటికీ గాలి కోసం వచ్చారు.

మా పెద్దాయన (లైబ్రరీ అధిపతి, చెడ్డవాడేం కాదు) నిన్న పిలిచి చెప్పాడు. జూలై ఆఖరున తనిఖీ. అప్పటికి ఆ పుస్తకాలు జనం తీసుకెళ్తున్నట్టు కనబడకపోతే వాటిని తీసేసి, ఆ చోటు పోటీ పరీక్షల గైడ్లకి ఇస్తాడట. "వాటికోసం పిల్లలు మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నారమ్మా" అన్నాడు. అదీ నిజమే. ఆయన న్యాయం ఆయనది. నా మూల కోసం నేను పట్టే పంతం వెనక ఉన్నది చదువు మీద ప్రేమో, నా మాట నెగ్గాలన్న కోరికో, నాకే తేలడం లేదు.

నువ్వు జీవితమంతా పెద్ద కంప్యూటర్లుండే మెషీన్ రూమ్‌లో గడిపావు. నేను చదివింది చరిత్ర. ఏ పుస్తకాలు తెప్పించాలి? ఏది ముందు, ఏది వెనక? ఒక దారి చెప్పు.

నీ అక్క కూతురు

*

జూన్ 9

ఏమే సందేహాల పుట్టా,

అడగడానికి రెండేళ్లు పట్టిందా? ఇంట్లో పిన్ని ఉందని గుర్తు రావడానికి పై నుంచి బెదిరింపు రావాలన్నమాట.

తెప్పించడాలూ, తెచ్చేదాకా ఎదురుచూడడాలూ వద్దు. నావే పంపుతున్నాను, పది పుస్తకాలు. మంచం కింద పెట్టెలో ఉన్నాయి. నేను పోయాక మీరు వాటిని తూకానికి వేస్తారన్న అనుమానం ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడే కళ్ల ముందు ఒకరికి ఇచ్చేస్తే మనశ్శాంతి.

ప్రతి పుస్తకం లోపలి పేజీలో పెన్సిల్‌తో నంబరు వేశాను. ఆ వరుసలోనే చదవాలి. వరుస తప్పితే నాకు చెప్పకు, నేను వినను. మొదటిది చదవడం కాదు, ఆడుకోవడమే. మెషీన్ రూమ్‌కి కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ మేం దానితోనే ఓనమాలు దిద్దించేవాళ్లం. అది అయ్యాక తక్కినవి వాటంతటవే లాక్కుపోతాయి. రెండో నంబరుది గట్టి సరుకు. యంత్రం ఎంత పెద్దదైనా జవాబు చెప్పలేని ప్రశ్నలు కొన్ని ఉన్నాయని రుజువు చేస్తుంది, అదీ ఎక్కడా కోపం తెచ్చుకోకుండా. మూడోది చదివితే నీలాంటి చరిత్రవాళ్లకి కళ్లు తిరుగుతాయి. ఒకప్పుడు కంప్యూటర్ అంటే మనిషి ఉద్యోగం పేరేనే! వరసగా బల్లలేసుకుని లెక్కలు కట్టే ఆడవాళ్లని అలా పిలిచేవాళ్లు. ఆఖరుది, పెద్ద పెద్ద ప్రోగ్రాములు ఎలా కుప్పకూలాయో చెప్పే కథల పుస్తకం. నవ్వి నవ్వి చస్తావు. నేను మాత్రం నవ్వలేదు, అలాంటివి రెండు నా చేతిలోనే కూలాయి.

ఎండాకాలంలో కూడా మేం స్వెట్టర్లు వేసుకుని పనిచేసేవాళ్లం, తెలుసా? ఆ చల్లదనం మా కోసం కాదు, యంత్రం కోసం. దానికి చెమట పట్టకూడదు, మాకు వణుకు పట్టినా ఫర్వాలేదు. ఇప్పటికీ పుస్తకం తెరిస్తే చెయ్యి శాలువా కోసం వెతుకుతుంది.

మీ పెద్దాయనతో గొడవ పడకు. చదివేవాళ్లని తయారుచెయ్యి, చాలు.

మెషీన్ రూమ్ పిన్ని

*

జూన్ 19

పిన్నీ,

పార్శిల్ అందింది. పెట్టె తెరవగానే కర్పూరం వాసన, వెనకే నీ ఇల్లు.

నువ్వు వేసిన నంబర్లు చూసి అలాగే వరసగా పేర్చాను. గుర్తు పెట్టి పంపిన ఆ పాతదాన్ని మాత్రం విడిగా పెట్టించాను. దాని సంగతి బెంగ పెట్టుకోకు, ఎంత కష్టమో నాకు అర్థమైంది.

"కంప్యూటర్ లోపల ఏముంది? ఆదివారాలు కలిసి చదువుదాం" అని బోర్డు మీద రాసి పెట్టాను. మొదటి ఆదివారం కుర్చీలు చాలలేదంటే నమ్ముతావా? వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది, అందరూ టైలరమ్మ అంటారు. ఒక నర్సు వచ్చింది, డ్యూటీ దిగి నేరుగా. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన ఒకాయన వచ్చాడు. ఏం చెప్పినా ముందు "నాకో అభ్యంతరం ఉంది" అంటాడు కాబట్టి ఆయన పేరు అభ్యంతరం గారే అయిపోయింది. కాలేజీ పిల్లలు కొందరు, ఇంకా కొందరు.

మొదటి పుస్తకం తెరిచాం. మూడో పేజీకల్లా ఆవలింతలు. అయిదో పేజీలో ఒక బొమ్మ ఉంది, గీతలూ చుక్కలూ. "ఇందులో కరెంటు ఎటు నుంచి ఎటు పోతోందండీ?" అని టైలరమ్మ అడిగింది. నేను బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాను. "తెలియనివాళ్లు తెలియనివాళ్లకి చెప్పడం మీద నాకో అభ్యంతరం ఉంది" అన్నాడు అభ్యంతరం గారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

చదువు ముగిసేసరికే సగం కుర్చీలు ఖాళీ అయిపోయాయి మరి.

నువ్వు ఆడుకోవడమే అన్నావు. ఆట ఎక్కడుందో నాకు కనబడలేదు. బహుశా నీ తెలివికి అది ఆట అయి ఉంటుంది.

నీ సందేహాల పుట్ట

*

జూన్ 24

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి నాకు తిక్క రేగింది. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాను. రెండుసార్లూ రేగింది.

ఆవలింతలా? ఆ పుస్తకం చదివి ఆవలించిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మా మెషీన్ రూమ్‌కి ఒకమ్మాయి వచ్చింది, లెక్కలంటే కళ్లనీళ్లు పెట్టుకునే పిల్ల. ఆ పుస్తకం పట్టుకుని మధ్యాహ్నానికల్లా గదంతా పరుగులు తీసింది. మేనేజరు తొంగి చూసి ఇదేమైనా ఆటస్థలమా అన్నాడు. దాన్ని పట్టుకుని నువ్వు ఆటే కనబడలేదంటావా? అసలు వాళ్లని కుర్చీల్లోంచి లేపావా? గదిలో నడిపించావా? లేక మీ ప్రొఫెసర్లు నీకు చెప్పినట్టు మెడ వంచుకుని పేజీలు చదివించావా?

నా పుస్తకాన్ని విడిగా జాగ్రత్త చేశానన్నావు, సంతోషం. కానీ జాగ్రత్త కోసం కాదు, వాడడానికి పంపాను. అన్నిటినీ బయట పెట్టు.

"నీ తెలివికి" అని ఒక మాట విసిరావు. తెలివి సంగతి కాదిది, వరుస సంగతి.

శాలువా కప్పుకున్న పిన్ని

*

జూన్ 30

పిన్నీ,

తిట్టావు, సరే. తిట్లు తినడానికి నాకు ఓపిక ఉంది. కానీ నేను చెయ్యని తప్పుకి తింటున్నానేమో అనిపిస్తోంది. ఇలా అనిపించడం కూడా నా తప్పేనేమో. చూశావా, నాతో నాకే ఎంత కష్టమో.

లేపి నడిపించమన్నావు. ఎక్కడికి నడిపించను? ఆ పచ్చ అట్ట పుస్తకంలో మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా తీగలూ, స్విచ్చులూ, వాటి పట్టికలూ తప్ప ఏమీ లేవు. గదిలో పరుగులు తీయమని ఎక్కడా లేదు. వెతికాను. రెండుసార్లు.

నిన్న ఆదివారం ముగ్గురే వచ్చారు. టైలరమ్మ, నర్సు, అభ్యంతరం గారు. చదువు సాగలేదు. నర్సు బల్ల మీద తల ఆనించి నిద్రపోయింది, లేపబుద్ధి కాలేదు. టైలరమ్మ మొహమాటంగా "మాకు అర్థం కాకపోయినా మీరు చెప్తుంటే బాగుంటుందండీ" అంది. అంతకంటే పెద్ద తిట్టు ఇంకోటి ఉండదు. "అమ్మా, మీరు ఆపేస్తారా, సాగిస్తారా? ఏదో ఒకటి ముందే చెప్పేస్తే మా ఆదివారం మేం చూసుకుంటాం" అన్నాడు అభ్యంతరం గారు.

పెద్దాయన మెట్ల దగ్గర ఎదురై, టేపు పెట్టి ఆ మూల కొలవమని మనిషికి చెప్పి వెళ్లాడు. గైడ్ల కోసం కొత్త బల్లలట.

ఓడిపోతే ఓడిపోయానని చెప్పే ధైర్యమైనా ఉండాలి కదా. ఆపేయనా?

నీ కూతురి లాంటిదే

*

జూలై 4

అమ్మాయ్,

ఆపకు. కోపం కూడా తగ్గించుకున్నాను, ఎందుకంటే ఇక్కడేదో లోపం ఉంది, అది నీలో లేదు, నాలోనూ లేదు.

ప్రోగ్రాము తప్పుతోవ పట్టినప్పుడు మేం ఎవరినీ తిట్టుకునేవాళ్లం కాదు (సరే, మొదటి గంట తిట్టుకునేవాళ్లం). కాగితాలు బల్ల మీద పరిచి, మొదటి వాక్యం నుంచి వేలు పెట్టి, ఇక్కడిదాకా సరే, ఇక్కడిదాకా సరే అంటూ పోయేవాళ్లం. నీ ఉత్తరాలకీ, నేను దాచుకున్న నా నకళ్లకీ ఇవాళ అదే చేశాను. కాగితం మీద పెట్టమని ఎందుకంటానో ఇప్పుడైనా తెలిసిందా?

జూన్ 9: పది పుస్తకాలు, సరే. జూన్ 19: వరుసగా పేర్చావు, సరే. జూన్ 30కి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. "పచ్చ అట్ట."

మొదటి పుస్తకం పచ్చ కాదే! మొదటిదానికి అసలు అట్టే లేదు. ఎప్పుడో ఊడిపోయింది. పసుపు రంగు కాగితాలు, సూదీ దారంతో నేనే కుట్టాను. పచ్చది దాని తర్వాతది. ఓనమాలు రాకుండా దాన్ని తెరిస్తే ఆవలింతలు కాక ఇంకేం వస్తాయి? నేనైతే గుర్రు పెట్టి నిద్రపోతాను. ఆ నర్సుని ఏమీ అనకు.

జూన్ 19న "గుర్తు పెట్టి పంపిన ఆ పాతదాన్ని విడిగా పెట్టించాను" అన్నావు. నేను దాచావనుకున్నాను. అమ్మాయ్, నేను ఏ పుస్తకం మీదా ఏ గుర్తూ పెట్టలేదు. నంబర్లు తప్ప.

ఆ పసుపు పుస్తకం ఎక్కడుంది?

పిన్ని

*

జూలై 8

పిన్నీ! పిన్నీ!

ముందు ఒక్క మాట: పుస్తకం దొరికింది. నా ఒళ్లోనే ఉంది. ఇక ఊపిరి తీసుకుని మిగతాది చదువు.

దాని లోపలి పేజీలో నువ్వు సున్నా వేశావు. తక్కినవాటి మీద ఒకటి నుంచి తొమ్మిది. మా లైబ్రరీలో, పనికిరాదు, తీసెయ్యాలి అనుకున్న పుస్తకానికి లోపలి పేజీలో పెన్సిల్‌తో సున్నా చుడతాం. అది మా ఆనవాయితీ, నేను చేరక ముందు నుంచీ ఉంది. అట్ట లేదు, కుట్లు వదులయ్యాయి, పైన సున్నా. నేనేం అనుకోవాలి? ఇంతకాలం దాచుకున్నదాన్ని నీ చేత్తో నువ్వే తీసెయ్యలేక నాకు పంపావనుకున్నాను. జాలిపడ్డాను కూడా! కింది గదికి దించమని నేనే చెప్పాను. నెలకోసారి పాత కాగితాల లారీ వచ్చి కింది గది ఖాళీ చేసుకుపోతుంది.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. "ఎక్కడుంది" దాకా చదివేసరికి కింద లారీ హారన్ వినబడింది. మెట్లు ఎలా దిగానో తెలియదు. కింది గది ఊడ్చేసి ఉంది. కట్టలన్నీ లారీ ఎక్కేశాయి. గేటు బయటికి పరుగెత్తి లారీకి అడ్డం నిలబడ్డాను. నేను! రోడ్డు దాటడానికి రెండువైపులా మూడేసి సార్లు చూసే దాన్ని.

"తప్పుకోండి మేడమ్, ఒకసారి ఎక్కించినవి దించం" అన్నాడు డ్రైవరు.

అప్పుడు, పిన్నీ, వెనక నుంచి ఒక గొంతు. "నాకో అభ్యంతరం ఉంది."

పేపరు చదువుకోవడానికి వస్తున్న అభ్యంతరం గారు గొడుగు అడ్డం పెట్టి లారీ ముందు నా పక్కన నిలబడ్డాడు. "దించకపోతే నాకు అభ్యంతరం. దించి ఈవిడకి చూపించకుండా మళ్లీ ఎక్కిస్తే అభ్యంతరం. మీరు హారన్ కొడుతున్నారే, దానికి వేరే అభ్యంతరం" అని మొదలుపెట్టాడు. ఆయన రెండో వాక్యంలో ఉండగానే డ్రైవరు తాళ్లు విప్పేశాడు. రోడ్డు మీదే కట్టలన్నీ తెరిచాం. చిరిగిన పాత గైడ్ల మధ్య నుంచి పసుపు రంగు అంచు కనబడింది, నీ తెల్ల దారం కుట్లతో.

ఇవాళంతా అది చదువుతూ కూర్చున్నాను. నువ్వన్నది నిజం. ఆటే. ఇన్నాళ్లూ వాళ్లకి ఓనమాలు దాచిపెట్టి కావ్యం చదివించాను.

కానీ ఒక్కటి చెప్పు. లోకంలో ఎవరైనా ఒకటి నుంచి లెక్కపెడతారు. నీకు సున్నా నుంచి ఎందుకే?

రోడ్డున పడ్డ నీ కూతురు

*

జూలై 12

ఓసి పిచ్చిదానా,

నేను నవ్విన నవ్వుకి పక్కింటావిడ తలుపు కొట్టింది, నాకేమైందోనని.

సున్నా నుంచి ఎందుకంటావా? మా లోకంలో, అంటే యంత్రం జ్ఞాపకశక్తిలో, మొదటి గది నంబరు సున్నా. కొలబద్ద చూడు, సున్నా నుంచే కదా మొదలు. జీవితమంతా అలా లెక్కపెట్టినదాన్ని. మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తుకి రమ్మంటే ఇప్పటికీ ఒక అంతస్తు ఎక్కువ ఎక్కుతాను. మీ లోకంలో సున్నా అంటే చెత్తబుట్ట అని నాకెలా తెలుస్తుంది? నాకు మొదలు, మీకు ముగింపు. మధ్యలో పాపం ఆ పుస్తకం.

ఇంకొకటి. ఆపేస్తారా సాగిస్తారా ముందే చెప్పమన్నాడు కదా మీ అభ్యంతరం గారు. రెండో నంబరు పుస్తకం చెప్పేది అదేనే. ఇచ్చిన ఏ ప్రోగ్రామైనా సరే, ఎప్పటికైనా ఆగుతుందో, ఆగకుండా తిరుగుతూనే ఉంటుందో ముందుగానే తేల్చి చెప్పే ఉపాయం, అన్నిటికీ పనికొచ్చేది, లేదు. ఉండదు కూడా. నడిపి చూడాల్సిందే. యంత్రాల విషయంలోనే అది రుజువైపోయాక, నువ్వు నీ గురించి ముందే తెలియాలని పట్టుబడతావేంటి?

ఆదివారం నడుపు.

సున్నా నంబరు పిన్ని

*

జూలై 30 (కార్డు)

పిన్నీ, ఇవాళే తనిఖీ. మన అలమర మొత్తం ఖాళీ. ఒక్క పుస్తకం మిగల్లేదు. ఇప్పుడు ఇంతకంటే రాయలేను. వివరంగా రాస్తాను.

*

ఆగస్టు 2

అమ్మాయ్,

కార్డు అందింది. నాలుగు ముక్కలు, మొత్తం తెలిసిపోయింది.

మరి మూడు వారాలు ఉత్తరం ముక్క రాకపోతే అంతా సవ్యంగా ఉందనుకున్నాను. అంతా అయిపోయాక చెప్తావా? ఒక్క పుస్తకం కూడా మిగల్చలేదా ఆ మనిషి? చెడ్డవాడు కాదన్నావు. చెడ్డవాళ్లే నయం, ముందే జాగ్రత్త పడతాం.

నువ్వు ఏడవకు. నువ్వేం తప్పు చేశావు? పది పుస్తకాలూ ఏ గదిలో, ఏ లారీలో ఉన్నాయో కనుక్కుని ఉంచు. ఏడో తేదీ పొద్దున్న బస్సుకి నేనే వస్తున్నాను. స్వెట్టర్ కూడా తెస్తున్నాను. మీ పెద్దాయనతో పని ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేను.

కోపంతో, నీ పిన్ని

*

ఆగస్టు 3

పిన్నీ,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, దారిలో ఉంటుంది. ఈలోగా నేను మొత్తం చెప్పేస్తాను. మూడు వారాలు రాయలేదెందుకంటే తీరిక లేదు. నాకు! తీరిక!

పసుపు పుస్తకంలో చెప్పినట్టే చేశాం. గదే యంత్రం, మనుషులే దాని భాగాలు. ఆ మూల ఉన్న పాత కార్డుల బీరువా గుర్తుందా? అదే మా యంత్రం జ్ఞాపకశక్తి. సొరుగులకి నంబర్లు అతికించాం, సున్నా నుంచే. అంకెలు రాసిన చీటీలు సొరుగుల్లో వేసి తీసే పని టైలరమ్మది. "ఏ డ్రాయర్‌లో ఏ గుండీ ఉందో కళ్లు మూసుకుని చెప్తా, ఇదో లెక్కా" అంది. ఆజ్ఞలు గట్టిగా చదివే పని నర్సుది. డాక్టర్ల రాతే చదివిన మనిషికి నా రాత ఒక లెక్క కాదట. ఏ వాక్యం దగ్గర ఉన్నామో వేలు పెట్టి పట్టుకునే పని నాది. ఇక ప్రతి యంత్రంలోనూ ఒక షరతు ఉంటుంది కదా, ఇది నిజమైతే ఇటు, కాకపోతే అటు అని. ఆ పని ఎవరికిచ్చానో నువ్వే చెప్పు.

అభ్యంతరం గారు పుట్టిందే దానికోసం. నర్సు ఆజ్ఞ చదవగానే చెయ్యెత్తి "అభ్యంతరం! సొరుగులో ఉన్నది సున్నా అయిందా?" అంటాడు. టైలరమ్మ చీటీ చూసి "కాలేదండీ" అంటుంది. "అయితే వెనక్కి, మూడో వాక్యానికి!" అంటాడు. జీవితంలో మొదటిసారి ఆయన అభ్యంతరాల వల్ల పని ముందుకి సాగడం చూసి ఆయనే పొంగిపోయాడు.

ఆ ఆదివారం మెట్ల మీద కూర్చుని గైడ్లు చదువుకునే పిల్లలు చప్పుడుకి పైకొచ్చారు. తర్వాతి ఆదివారం వాళ్ల స్నేహితులు వచ్చారు. ఒక యంత్రం చాలక రెండు నడిపాం, వాటి మధ్య చీటీలు పంపుకున్నాం. "మరి అసలు యంత్రంలో సొరుగులు ఎలా ఉంటాయి?" అని ఎవరో అడిగారు. అప్పుడు పచ్చ పుస్తకం తీశాను. పిన్నీ, తోసుకున్నారు! అయిదో పేజీ బొమ్మలో కరెంటు ఎటు పోతుందో టైలరమ్మ వేలితో చూపించింది, నా వైపు చూసి నవ్వింది. ఒకటి అయినవాళ్లు రెండు అడిగారు. మూడోది నర్సు తీసుకెళ్లి, ఆస్పత్రిలో తోటి నర్సులందరికీ తిప్పి, గడువు దాటాక తెచ్చింది. నీ పుస్తకాలే కాదు, రెండేళ్లుగా నిద్రపోతున్న నా పుస్తకాలు కూడా ఒక్కొక్కటే లేచి నడిచాయి.

ఇక తనిఖీ రోజు. పెద్దాయన పైకొచ్చి అలమర చూశాడు. పై నుంచి కింది దాకా బోసిగా, చెక్క కనబడుతోంది.

"మంచి పని చేశారమ్మా. నేను చెప్పకముందే తీసేశారు" అన్నాడు.

"తీసెయ్యలేదండీ. తీసుకెళ్లారు" అన్నాను.

ఆయనకి అర్థమయ్యేలోగా టైలరమ్మ ఆయన చేతిలో ఒక చీటీ పెట్టేసింది. ఒక సొరుగు బిగుసుకుపోయిందట, దాని బదులు ఆయన్ని నిలబెట్టింది. "మీరు ఏడో నంబరండీ. అడిగినప్పుడు చీటీ చూపించాలి, అడక్కపోతే కదలకూడదు." మా యంత్రం మొదలైంది. నర్సు చదువుతోంది, నా వేలు కదులుతోంది. పెద్దాయన చేతిలోని అంకె విడతకొకటి తగ్గుతోంది. ప్రతిసారీ "అభ్యంతరం! సున్నా అయిందా?" "కాలేదండీ." "వెనక్కి!"

"ఇది ఎప్పుడాగుతుందమ్మా?" అని పెద్దాయన నన్ను మెల్లగా అడిగాడు, కదలకుండా.

"అది ముందే తేల్చి చెప్పే ఉపాయం లేదని రెండో పుస్తకంలో రుజువు చేశారండీ" అన్నాడు అభ్యంతరం గారు, జడ్జి ముందు నిలబడ్డట్టు. నిజానికి మా చిన్న లెక్క ఎప్పుడాగుతుందో ఎవరైనా చెప్పగలరు. నేను చెప్పలేదు. ఆ కాసేపు నాకే ఏ సందేహమూ లేదు, ఆయనకెందుకు తీర్చాలి?

నాలుగోసారి, అయిదోసారి. ఆఖరుకి పెద్దాయనే చీటీ ఎత్తి పట్టుకుని "సున్నా! సున్నా అయిందండీ!" అని అరిచాడు. గదంతా "ఆగు!" అని ఒక్క కేక. లైబ్రరీలో, పిన్నీ! నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కిందే!

చప్పట్లు ఆగాక ఆయన మొహం తుడుచుకుని, రెండో పుస్తకం తనకి కావాలన్నాడు. అది బయట ఉందని చెప్పాను. వరుసలో ఆయన కంటే ముందు ఇంకా ఇద్దరున్నారని కూడా చెప్పాను. ఆయన ఖాళీ అలమర వంక ఇంకోసారి చూసి, "గైడ్లకి మెట్ల కింద గది బాగు చేయిద్దాం" అన్నాడు. "ఇక్కడ ఇంకో అలమర వేయించండి. చాలదు." వెళ్తూ వెళ్తూ జేబులోంచి పెన్సిల్ తీసి, పైచెక్క అంచున తన చేత్తో సున్నా వేశాడు. ఈ మూల నంబరు ఇక నుంచి అదే. తీసెయ్యాల్సిన పుస్తకాలకి ఇంకేదైనా గుర్తు చూడమన్నాడు.

నేను నెగ్గాలనుకున్నది చదువు కోసమా, నా కోసమా అని నీకు మొదట్లో రాశాను. ఇప్పటికీ తెలియదు. ఏదైతేనేం, నెగ్గాం.

నీ మొదటి గది, సున్నా నంబరు

*

ఆగస్టు 7

అమ్మాయ్,

నేను బస్సెక్కడానికి స్వెట్టర్‌తో సహా సంచి సర్ది, తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో ఉండగా నీ ఉత్తరం వచ్చింది. గుమ్మంలోనే చదివాను. మళ్లీ లోపలికొచ్చి, కూర్చుని చదివాను. తర్వాత పక్కింటావిడకి చదివి వినిపించాను. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, కానీ "ఆగు" దగ్గర చప్పట్లు కొట్టింది.

ఖాళీ అంటే ఓడిపోయామనే అనుకున్నాను చూడు. సున్నాని చూసి నువ్వెలా మోసపోయావో, ఖాళీ అలమరని చూసి నేనూ అలాగే మోసపోయాను. ఇద్దరం సరిసమానం. మీ పెద్దాయన మీద నేను రాసిన మాటలున్న ఉత్తరం ఆయన కంటబడకుండా చింపెయ్యి. లేదా ఉంచు, నకలు నా దగ్గర ఎలాగూ ఉంది.

ఆ పసుపు పుస్తకం నా మంచం కింద ఒక జీవితకాలం పడి ఉంది. అది కావాలని ఒకళ్ల వెనక ఒకళ్లు నిలబడి ఎదురుచూస్తారని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే నాకే దాన్ని మళ్లీ చదవాలనిపిస్తోంది. కుట్లు కూడా ఇంకోసారి వెయ్యాలి, అంతమంది చేతుల్లో నలుగుతోంది కదా.

నన్ను లైబ్రరీలో సభ్యురాలిగా చేర్చుకో. నీ పిన్నినని వరుస దాటించకు, మీ పెద్దాయన వెనకైనా సరే, టైలరమ్మ వెనకైనా సరే, నిలబడతాను. నా వంతు ఎప్పుడొస్తుందో ముందే చెప్పమని మాత్రం అడగను. వచ్చిన రోజున కబురు పెట్టు, బస్సెక్కి వస్తాను. ఆదివారమైతే, నాకూ ఒక సొరుగు ఉంచు.

వరుసలో ఆఖరి మనిషి,
నీ పిన్ని